128 ఏళ్లు అన్నారు సరే.. రుజువేది? శతాధిక వృద్ధుల వార్తల్లో ఎవరూ అడగని ప్రశ్న

2025 ఏప్రిల్ 30న బ్రెజిల్‌లో ఇనా కనబారో లూకాస్ అనే క్రైస్తవ సన్యాసిని కన్నుమూశారు. వయసు 116 ఏళ్లు. ప్రపంచంలోనే అత్యంత వృద్ధురాలు ఇక లేరంటూ వార్తలొచ్చాయి. సరిగ్గా మూడు రోజులకు, మే 3న వారణాసిలో యోగా గురువు స్వామి శివానంద తుదిశ్వాస విడిచారు. ఆయన వయసు 128 ఏళ్లని వార్తలొచ్చాయి.

లెక్క తేడా కొడుతోంది ఇక్కడే. వారణాసిలో 128 ఏళ్ల మనిషి ఉండగా, బ్రెజిల్‌లో 116 ఏళ్లావిడ ప్రపంచ రికార్డు ఎలా అవుతుంది? ఒకే వారంలో రెండు వార్తలూ నడిచాయి. ఈ ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు.

శివానంద అందరికీ గుర్తుండే ఉంటారు. 2022లో పద్మశ్రీ అందుకునే ముందు రాష్ట్రపతి భవన్‌లో సాష్టాంగ నమస్కారం చేసిన వీడియో ఫోన్లలో తెగ తిరిగింది. ఆయన పత్రాల్లో పుట్టిన తేదీ 1896 ఆగస్టు 8. అదే నిజమైతే చరిత్రలో అందరికంటే ఎక్కువ కాలం బతికింది ఆయనే. ఎందుకంటే ధ్రువీకరణ ఉన్న రికార్డు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ కాల్మాది.. 122 ఏళ్ల 164 రోజులు. 1997లో చనిపోయారు. ఆమె పుట్టిన నాటి రిజిస్టరు, ఆ తర్వాత జనాభా లెక్కల కాగితాలు అన్నీ దొరికాయి. అయినా ఆ వయసు మీద కూడా 2018లో రష్యా పరిశోధకులు అనుమానాలు లేవనెత్తారు. అంత కాగితం ఉన్నచోటే ఇంత రచ్చ జరిగింది.

మన దగ్గర ఆ కాగితమే లేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్లకు తేదీ అంటే ఫలానా తుఫాను, ఫలానా కరువు. ఇంట్లో తాతయ్య, నానమ్మల ఆధార్ కార్డు ఓసారి తీసి చూడండి. చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అనే ఉంటుంది. తేదీ తెలియక వయసు మాత్రమే చెబితే, ఆ ఏడాది జనవరి 1 వేసేశారు మరి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వందేళ్లు దాటినవాళ్లు 6 లక్షల మందికి పైగా ఉన్నట్టు తేలింది. ముసలివాళ్ల దేశమని పేరున్న జపాన్‌లో 2025 సెప్టెంబరు నాటికి కూడా ఆ సంఖ్య లక్ష దాటలేదు.. 99,763. మన సంఖ్య ఎంత నమ్మొచ్చో దీన్నిబట్టే అర్థమవుతుంది. అబద్ధమాడారని కాదు. ఎన్యుమరేటర్ వచ్చి వయసెంత అంటే ఇంట్లోవాళ్లు ఉజ్జాయింపుగా ఓ అంకె చెప్తారు. అంతే.

అలాగని జపాన్ లెక్కలూ పక్కా అనుకోవద్దు. 2010లో టోక్యోలో 111 ఏళ్ల వృద్ధుడిని పలకరిద్దామని అధికారులు వెళ్తే, ఆయన దాదాపు 30 ఏళ్ల క్రితమే చనిపోయారని బయటపడింది. అయినా పింఛను మాత్రం వస్తూనే ఉంది. ఆ తర్వాత కుటుంబ రిజిస్టర్లు తిరగేస్తే, ఆచూకీ లేని శతాధిక వృద్ధులు 2.3 లక్షల మందికి పైగా తేలారు.

మరి ఇవన్నీ వార్తలే కాదంటారా? అలా అనలేం. గుడివాడ మస్తానమ్మ వీడియోలు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. వయసు 106 అని ఒకరు, 107 అని ఇంకొకరు రాశారు. కానీ జనం చూసింది అంకె కోసం కాదు.. పుచ్చకాయలో చికెన్ వండే ఆ చేతుల కోసం, ఆ బోసినవ్వు కోసం. 2018 డిసెంబరులో ఆమె పోయినప్పుడు బాధపడిన వాళ్లెవరూ బర్త్ సర్టిఫికెట్ అడగలేదు. అయితే ఆమె ఎవరి రికార్డూ బద్దలు కొట్టానని చెప్పుకోలేదు కూడా. అంకెనే హెడ్డింగ్‌లో పెట్టి వార్త రాస్తే, ఆ అంకె ఎక్కడిదో చెప్పాల్సిన బాధ్యత రాసినవాళ్లదే. "కుటుంబ సభ్యుల ప్రకారం" అన్న రెండు మూడు మాటలు చేరిస్తే పోయేదేం లేదు. ఇక దీర్ఘాయుష్షు రహస్యం ఇదే అంటూ పెట్టే వీడియోల సంగతి సరేసరి. ఒకరు పాలు అంటారు, ఇంకొకరు పొగాకు అంటారు. కాల్మా అయితే దశాబ్దాల పాటు సిగరెట్ కాల్చారు!

అసలు వార్త హరియాణాలోని రోహ్‌తక్‌లో దొరికింది. 2022 సెప్టెంబరులో అక్కడ 102 ఏళ్ల వృద్ధుడు మెడలో నోట్ల దండ వేసుకుని, పెళ్లికొడుకులా రథమెక్కి, బ్యాండు మేళంతో ఊరేగింపుగా అధికారుల దగ్గరికి వెళ్లారు. ప్రభుత్వ రికార్డుల్లో ఆయన చనిపోయినట్టు నమోదైంది. అప్పటికే నెలల తరబడి పింఛను ఆగిపోయింది. చేతిలో ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు కాగితాలు. మీ మామయ్య ఇంకా బతికే ఉన్నాడని రాసిన ప్లకార్డు.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. అర్హత 60 ఏళ్లు. కార్డులో నాలుగేళ్లు తక్కువ పడితే నాలుగేళ్ల పింఛను పోయినట్టే. అదే ఉజ్జాయింపు అంకె ఒకచోట రికార్డు వార్త అవుతుంది.. ఇంకోచోట ఓ అవ్వ నెల ఖర్చును ఆపేస్తుంది. మొదటిదానికి కెమెరాలు వస్తున్నాయి. రెండోదానికి రోహ్‌తక్ తాతలా బ్యాండు పెట్టించుకోవాల్సి వస్తోంది.