బెత్తం ఎక్కడినుండి వచ్చింది?

నేను తెలుగు పండిత శిక్షణ పొందిన రోజులలో మాకు పాఠ్యపథకం వ్రాయడం నేర్పారు, హెర్బార్టు సోపానాలు వల్లె వేయించారు. అవి అవసరమే, కాదనను. కాని "నీవు ఎట్లా చదువుకొన్నావు?" అని ఒక్కరూ అడుగలేదు.

ఉద్యోగంలో చేరిన తొలి యేండ్లలో ఆరవ తరగతి బాలుడొకడు "భాష"ను "బాస" అని చదివాడు. మూడుమార్లు సరిదిద్దాను. నాలుగవమారు బెత్తం తీశాను. "భాష"కు వికృతి "బాస" అని నల్లబల్లపై వ్రాసి బోధించే పండితుణ్ణి నేనే! అయినను ఉచ్చారణశుద్ధి కొరకే కొట్టానని చాలాకాలం నమ్మాను.

పదవీ విరమణకు కొన్నేండ్ల ముందు ఒక పునశ్చరణ తరగతిలో మా చేత బడి జ్ఞాపకమొకటి వ్రాయించారు. మా గురువుగారు పద్యం చదివే తీరును గూర్చి భక్తితో మొదలుపెట్టాను. ఒత్తు పలుకనందుకు ఆయన నా చెవి మెలిపెట్టిన సంగతి వద్దకు వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఆనాడు ఆ బాలుణ్ణి గద్దించినవి ఆయన మాటలే, నోరు మాత్రం నాది. శిక్షణ కళాశాల నేర్పిన పద్ధతికంటె చిన్ననాటి బడి అంటించిన అలవాటే బలమైనదని అప్పుడు తెలిసింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక దండనను నిషేధించింది. చట్టం చేతిలోని బెత్తాన్ని తీయగలదు; నాలుక మీది వెటకారాన్ని తీయలేదు. దానికి ఆత్మపరిశీలనమే సాధనం. ఈ ప్రక్రియ మనకు పరాయిదీ కాదు. స్వీయచరిత్ర వ్రాసిన వీరేశలింగం పంతులుగారు వృత్తిచేత ఉపాధ్యాయులే గదా!

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేండ్లదైనప్పుడు, తన్ను తాను తెలిసికొనడం కూడ పాఠ్యాంశాలలో చేరింది. సంతోషమే. అయితే దానికి మార్కులు పెట్టితే అది మరొక రికార్డు అవుతుంది. రికార్డులు సీనియర్ల వద్ద తెచ్చి ఎక్కించే విద్య మనవారికి కొత్త కాదు. అప్పుడు అందరి బాల్యమూ ఆదర్శబాల్యమే!

కనుక నా మనవి మూడు మాటలు. దీనికి మార్కులు వద్దు. బోధించే అధ్యాపకుడు ముందు తన కథ చదివి వినిపించాలి. కులం పేరిటనో, పేదరికం వలననో బడిలో అవమానపడినవారిని నలుగురిలో చదువుమని నిర్బంధించరాదు. వ్రాసినది వారివద్దనే ఉండనీయాలి.

ఆ బాలుడు ఇప్పుడెక్కడున్నాడో ఎరుగను. అతడు కూడ ఉపాధ్యాయుడై ఉంటే, ఎవరైనా అతని చేత ఆ దినాన్ని గూర్చి వ్రాయించి ఉండాలని కోరుకొంటాను. లేకున్న నా బెత్తం ఇంకా ఏదో తరగతిలో తిరుగుతూనే ఉంటుంది.