మొదటి కిట్‌కి సబ్‌మెరైనే బెస్ట్

ప్లాస్టిక్ మోడల్ షిప్ కట్టాలనుందా? విమానవాహక నౌకతో మాత్రం మొదలెట్టకండి. నేను మొదలెట్టా... సగం ముక్కలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి! సబ్‌మెరైన్‌కైతే చిన్న ముక్కలు తక్కువ. పైగా అసలుది చూడాలంటే శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో రైలెక్కితే చాలు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర ఉందిగా! 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరైంది. ఒడ్డున ఉంది కాబట్టి నీళ్లలో మునిగి ఉండే అడుగు భాగమూ కనిపిస్తుంది. పొడవు 91 మీటర్లు. 1:350 స్కేల్లో 26 సెంటీమీటర్లే, పుస్తకాల అరలో పట్టేస్తుంది.

ముందు ముక్కల ఫ్రేమ్‌ని సబ్బునీళ్లతో కడగండి, లేదంటే రంగు సరిగా పట్టదు. ముక్కల్ని చేత్తో విరవొద్దు, నిప్పర్‌తో కత్తిరించండి. జిగురు పెట్టకముందే ఓసారి ఆనించి చూసుకోండి. ప్లాస్టిక్ సిమెంట్ ముక్కల్ని కరిగించి కలుపుతుంది. ఎక్కువైందా, మీ వేలిముద్ర ఓడ మీద పర్మనెంట్! కిటికీ తెరిచే ఉంచండి, వాసన ఘాటు. రంగులు కొనేది మాత్రం కురుసుర ఫొటోలు తీసుకొచ్చాకే.