తీర్పుకు ముందు

గంజాం, బరంపురాలలో తరతరాలుగా ఉన్న మన తెలుగు ఇళ్ళలో డిటెక్టివు నవల అనగానే పెద్దవాళ్ళకు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరే గుర్తుకు వస్తాడు. యుగంధరూ, అసిస్టెంటు రాజూ బయలుదేరారంటే హంతకుడు దొరికినట్టే. పుస్తకం మూసి హాయిగా నిద్రపోవచ్చు.

ఈమధ్య ఇంగ్లీషులో మేము చదివిన నవల అలా నిద్రపోనివ్వలేదు. బెల్జియంలో పుట్టిన జార్జి సిమెనాన్ (1903-1989) మెగ్రే అనే పోలీసు అధికారిమీద 75 నవలలు వ్రాశాడు. వాటిలో ఇది 1955 నాటి 'మెగ్రే అండ్ ది హెడ్‌లెస్ కార్ప్స్'. పారిస్‌లో ఒక కాలువలో పడవవాళ్ళకు మగవాని చెయ్యి దొరుకుతుంది. మెగ్రే టెలిఫోను కోసం దగ్గరలోని సారా కొట్టుకు వెళతాడు. కొట్టువాని భార్యకు మాట తక్కువ, తాగుడు ఎక్కువ. అనుమానం కలిగినా ఆయన గద్దించడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి కూర్చుంటాడు. ఈమె ఎవరి బిడ్డ, ఈ గతి ఎలా పట్టింది అన్నదే ఆయన ఆరాటం. నేరం తేలుతుంది గాని, చదివినవారి గుండె బరువు దిగదు.

"ఇంత దిగులు పుస్తకం పిల్లలకెందుకు?" అని ఇంట్లో పెద్దల ఆక్షేపణ. పసివాళ్ళకు వద్దు గాని, కాలేజీ పిల్లలకు ఇవ్వవలసిందేనని మా మనవి. మన వీధిలో ఒక ఇంట గొడవ జరిగితే పొద్దుగూకేలోగా తీర్పు చెప్పేస్తాము. ఆ ఇల్లాలు ఏం పడిందో ఒక్కరమూ అడగము. మెగ్రే అడుగుతాడు.

యుగంధర్‌ను అటకెక్కించనక్కరలేదు. ఆయన పక్కన మెగ్రేకూ కాస్త చోటివ్వండి.