తప్పు ఎటు మొగ్గింది?

ఎన్నికల ఫలితాల మర్నాడు సర్వే సంస్థలను ఏకిపారేయడం మనకు అలవాటే. గెలిచినవాళ్లు ‘మాకు తగ్గించి చూపారు’ అంటారు, ఓడినవాళ్లు ‘అమ్ముడుపోయారు’ అంటారు. వారం తిరిగేసరికి అందరూ మరచిపోతారు. అంకెలను మాత్రం దాచిపెట్టుకోవడం మంచిది.

2024లో ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో తెదేపా కూటమికి 164, వైకాపాకు 11 వచ్చాయి. వైకాపాకు 94 నుంచి 104 దాకా వస్తాయని ఆరా సర్వే సంస్థకు చెందిన మస్తాన్ చెప్పారు. కూటమికి 98-120 అన్న యాక్సిస్ మై ఇండియా విజేతను సరిగ్గానే పట్టుకుంది గానీ, గరిష్ఠ అంకె దగ్గరే 44 సీట్లు తక్కువ పడ్డాయి. అదే సంస్థ దేశం మొత్తమ్మీద, తెదేపా కూడా ఉన్న ఎన్డీయేకు 361-401 లోక్‌సభ స్థానాలు కట్టబెట్టింది. వచ్చినవి 293. ఒకే కూటమికి దేశంలో ఎక్కువిచ్చి రాష్ట్రంలో తక్కువిచ్చిన సంస్థకు ఏ రంగు పూస్తాం? అది పక్షపాతం కన్నా లెక్క తప్పడమే అనిపిస్తుంది. 39 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ 11 సీట్ల దగ్గర ఆగిపోయిన చోట ఓట్లను సీట్లలోకి మార్చడం ఆషామాషీ కాదు.

సర్వే అంచనాలు చెప్పే మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సంగతి వేరు. ఒకప్పుడు ఆయన నోట అంకె రాగానే పందేలు మారిపోయేవి. 2018లో తెలంగాణలో తెదేపా భాగస్వామిగా ఉన్న ప్రజాకూటమికి పది అటూ ఇటూగా 65 అన్నారు. తెరాస 88 గెలిచింది. 2019లో ఆంధ్రలో తెదేపాకు వంద దాకా అన్నారు, వచ్చినవి 23. రెండుసార్లూ తెదేపా ఉన్న వైపే ముల్లు మొగ్గింది. అంతమాత్రాన దురుద్దేశం అంటగట్టలేం, రెండు ఎన్నికలు అందుకు చాలవు. అయిదారు ఎన్నికల్లో తప్పులన్నీ ఒకే గూటికి చేరితే మాత్రం ఏ సంస్థనైనా నిలదీయాల్సిందే.

ఓటరు మనసు కూడా అంత తేలిగ్గా చిక్కదు. గుమ్మంలో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి పింఛను తీసుకునే అవ్వ ముందు అడిగేది, ‘ఏ పార్టీ తరఫున వచ్చావు నాయనా?’ అనే. ఏ పార్టీ కాదన్నా నమ్మదు. ‘అందరూ మంచోళ్లేలే’ అనేసి లోపలికి వెళ్లిపోతుంది. ఆ జవాబును ఏ గడిలో వేశారన్నది టీవీలో ఎవరూ చెప్పరు.

బ్రిటన్‌లో పోలింగ్ కౌన్సిల్ సభ్య సంస్థలు సర్వే ఎవరు చేయించారో, ఎంతమందిని, ఏ ప్రశ్న, ఎలా అడిగారో బయటపెట్టాలి. మన దగ్గర పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టొద్దని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ చెబుతుంది. ఆ గడువు దాటిందో లేదో, తెర మీద అంకెల జాతర. ఈసారి చానళ్లు ఒక్క పని చేయాలి: ప్రతి సంస్థ కొత్త అంచనా పక్కనే దాని గత మూడు అంచనాలనూ, అసలు ఫలితాలనూ, ఆ సర్వేకు డబ్బిచ్చిన వారి పేరునూ వేయాలి.