పరపతికి మూడంకెలు

“పరపతి” యను మాటను తెలుగువారు రెండు విధములుగా వాడుదురు. నలుగురిలో పలుకుబడి గలవానిని పరపతి గలవాడందురు. రైతులకు అప్పులిచ్చు సంఘమును సహకార పరపతి సంఘమందురు. ఈ రెండర్థములును ఒక్క మాటలో ఇముడుట కాకతాళీయము కాదు. మాట నిలుపుకొనువాడని లోకము నమ్మినచో అప్పు పుట్టును; ఆ నమ్మకమే పరపతి. ఆంగ్లమున “క్రెడిట్” అను మాటకు మూలమైన లాటిను పదమునకు గూడ నమ్ముట యనియే అర్థము. ఎన్నో తరములు మనుష్యుల నోళ్లలోను జ్ఞాపకములలోను నిలిచియున్న ఈ నమ్మకము నేడు 300 మొదలు 900 వరకు గల యొక అంకెగా మారినది. దానిని క్రెడిట్ స్కోరందురు. జనసామాన్యము సిబిల్ స్కోరని పిలుచుచున్నది.

సుమతీ శతకకారుడు ఊరు నివాసయోగ్యము కావలెనన్నచో అందుండవలసినవారిలో ఋణదాతను వైద్యునితో పాటు చేర్చినాడు. బడిపిల్లలందరు ఎరిగిన పద్యమే. ఆ ఋణదాత పుణ్యాత్ముడేమియు కాడు. వడ్డీ లెక్కలో గట్టివాడు. ప్రోనోటు తిరుగవ్రాయించుకొనుటలో మరింత గట్టివాడు. ఐనను అతనికి కన్నులుండెడివి. బాకీ తీరకపోవుటకు కారణము వానలు లేక పైరెండుటయా, ఇంట జబ్బు మనిషి యుండుటయా, పేకాటయా అన్నది అతడెరుగును. ఆ ఎరుకను బట్టి ఒకనికి గడువిచ్చును, మరియొకని గడప త్రొక్కనీయడు. ఈనాటి అంకెకు కారణములతో పని లేదు. దానికి తెలిసినది దినముల లెక్క యొక్కటే.

ఆ లెక్క సాగు తీరును కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయనగా, కార్డును వాడువారిలో పలువురు దీనిని నష్టపోయిన పిమ్మటనే తెలిసికొనుచున్నారు. ఋణగ్రస్తుల వివరములను సేకరించుటకై 2000 సంవత్సరమున సిబిల్ సంస్థ ఏర్పడినది. 2005లో ఇట్టి సంస్థలకు ప్రత్యేక చట్టము వచ్చినది. సిబిల్‌కు తోడు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను మరి మూడు సంస్థలు ఈ పని చేయుచున్నవి. బ్యాంకులు తమ ఖాతాదారుల చెల్లింపుల సమాచారమును వీనికి పంపవలెను. సిబిల్ నివేదికలో ప్రతి ఖాతాకును నెలకొక గడి చొప్పున ముప్పదియారు నెలల వరకు గడులుండును. గడువు దాటి ఎన్ని దినములైనదో ఆ సంఖ్య గడిలో పడును. సకాలమున చెల్లించినవానికి పడునవి సున్నలు. తక్కిన పరీక్షలన్నిట సున్న అవమానము. ఈ ఒక్క పట్టికలో మాత్రము సున్నయే గౌరవము.

ఒక ఉపాధ్యాయుడున్నాడనుకొనుడు. అతని కార్డు బిల్లు 8,400 రూపాయలు. గడువు ఏప్రిలు 5వ తేదీ. పదవ తరగతి జవాబుపత్రముల మూల్యాంకనమునకై పొరుగూరు పోయి ఆ సంగతి మరచినాడు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిలులో ఇచ్చిన ఆదేశముల ప్రకారము, గడువు దాటి మూడు దినములకు మించిన పిమ్మటనే బ్యాంకు ఆలస్య రుసుము వేయవలెను, బాకీదారుడని నివేదింపవలెను. కావున 8వ తేదీకి గుర్తు వచ్చి చెల్లించినచో ఆ గండము గడచినట్లే. అట్లుగాక 20వ తేదీన చెల్లించెననుకొనుడు. ఆలస్య రుసుము తప్పదు. వడ్డీ లేని గడువును గూడ కోల్పోవుటచే కొన్న నాటి నుండియే వడ్డీ పడును. ఇక నివేదిక మాట. పూర్వము బ్యాంకులు నెలకొకసారి సమాచారము పంపుచుండగా, నెలాఖరులోపల తీర్చినవాని ఆలస్యము కంటబడకపోవుటకు అవకాశముండెడిది. 2025 జనవరి నుండి నెల మధ్యను, నెలాఖరునను, అనగా రెండుమార్లు పంపవలెనను నియమము వచ్చినది. ఏప్రిలు 15 నాటికి ఆ ఉపాధ్యాయుని ఖాతా పది దినములు వెనుకబడియున్నది. పాఠశాలలో ముప్పది యేండ్లు ఒక్క నాడైనను ఆలస్యముగా రాని మనిషి ఇచ్చట ఆలస్యపువాడైనాడు.

గడిలో వ్రాయబడునవి దినములే గాని రూపాయలు గావు. బాకీ ఎంత అన్నది నివేదికలో వేరొక చోట నుండును. 590 రూపాయల వార్షిక రుసుము మరచినవానికిని, 59,000 రూపాయలు కావలెననియే ఎగవేసినవానికిని ఆ గడిలో ఒకే సంఖ్య పడవచ్చును. ఫోను నెంబరు మారి, బిల్లు చేరక, వాడని కార్డుపై పడిన చిల్లర బాకీతో పేరు పోగొట్టుకొనుట ఇట్లే జరుగును. ఆలస్యము తొంబది దినములు దాటి, కనీసపు మొత్తమైనను పూర్తిగా చేరనిచో ఆ ఖాతా నిరర్థక ఆస్తుల జాబితాకెక్కును. తరువాత బ్యాంకుతో రాజీ కుదుర్చుకొని కొంత తగ్గించి చెల్లించినను, నివేదికలో “ముగిసినది” అని గాక “సెటిల్డ్” అని వ్రాయబడును. రాజీ యనగానే ఋణవిముక్తి కలిగినదని సంతసించువారికి ఈ ఒక్క మాటలోని తేడా తరువాత ఇంటి అప్పుకు పోయిన నాడు గాని తెలియదు. ఏ ఆలస్యమునకు ఎన్ని అంకెలు తగ్గునో తేల్చు సూత్రమును ఆ సంస్థలు పూర్తిగా బయటపెట్టలేదు. దీర్ఘమైన ఆలస్యము, ఇటీవలి ఆలస్యము ఎక్కువ హాని చేయుననియు, ఏండ్లు గడచిన కొలది పాత మచ్చ మాయుననియు మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

అప్పు ఇచ్చువాడు తన సొమ్మును గూర్చి జాగ్రత్తపడుటలో తప్పు లేదు. ఆ పనికి ఈ అంకె తగిన సాధనమే. పలుకుబడి లేని పేదవానికి గూడ, కులగోత్రములడుగక, లెక్కను బట్టి అప్పు పుట్టించుట దీనిలోని మేలు. పాత ఊరి పరపతిలో ఈ మేలు లేకుండెను. అది ఎంత కన్నులు గలదైనను అందరిని ఒకే కన్నుతో చూచినది కాదు. ఆక్షేపింపవలసినది మరియొకటి గలదు. బ్యాంకు నష్టభయమును కొలుచు ఈ కొలబద్దను లోకము క్రమముగా మనిషి నడవడిని కొలుచుటకు ఎత్తుకొనుచున్నది.

ఇందుకు నిదర్శనములుగా ఇద్దరు యువకుల వ్యాజ్యములున్నవి. పూర్వపు ఋణముల బకాయి వలన స్కోరు తగ్గిన యొక విద్యార్థికి చదువు అప్పు నిరాకరింపబడగా, కేరళ హైకోర్టు 2023 మే నెలలో అతని పక్షమున ఆదేశమిచ్చినది. తక్కువ స్కోరు కారణముగా విద్యార్థుల ఋణ దరఖాస్తులను త్రోసిపుచ్చరాదని అభిప్రాయపడినది. రెండవది భారతీయ స్టేట్ బ్యాంకు ఉద్యోగమునకు ఎంపికయైన అభ్యర్థిది. ఋణములు, కార్డు బాకీలు ఎగవేసిన చరిత్ర గలవారు అనర్హులని ప్రకటనలోనే నియమముండెను. ప్రకటన నాటికి బాకీలన్నియు తీర్చివేసితినని అతడు వాదించినను, నియామకమును రద్దు చేయుట సమంజసమేయని మద్రాసు హైకోర్టు 2025లో తీర్పు చెప్పినది. ప్రజల సొమ్మును చూచుకొనువానికి ఆర్థిక క్రమశిక్షణ యుండవలెనన్నది అందలి హేతువు.

ఆ హేతువు తేలికగా త్రోసివేయదగినది కాదు. నియమము ముందుగా తెలిపినదే గదా! ఐనను తీరిన బాకీ తీరినట్లు కాదనుట కొంత కఠినముగానే తోచును. తల్లికి శస్త్రచికిత్స చేయించి మూడు నెలలు వెనుకబడినవాడును, జూదమునకు కార్డు గీకినవాడును ఆ గడులలో కవలపిల్లలు. నియామకము రద్దు చేయుటకు పూర్వము ఆలస్యమునకు కారణమేమని అభ్యర్థిని అడిగి, ఆధారములు చూచి నిర్ణయించు పద్ధతి యుండవలెను. పాత ఋణదాత పాటించిన ఈ చిన్న మర్యాద, అంత పెద్ద సంస్థకు అసాధ్యము కానేరదు.

అట్టి పద్ధతి వచ్చునంతవరకు యువకులు ఉన్న పద్ధతిలోనే బ్రతుకవలెను. ఉద్యోగమున చేరిన మొదటి నెలలోనే చేతికి కార్డు వచ్చుచున్నది. దానిని చదువుట మాత్రము ఎవరును నేర్పలేదు. ప్రతి సంస్థయు సంవత్సరమునకొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెనని 2017 నుండి నియమమున్నది. అందు తప్పు దొరలినచో ఫిర్యాదు చేయవచ్చును. ముప్పది దినములలో పరిష్కరింపనిచో ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమిచ్చు విధానము 2024 ఏప్రిలులో అమలులోనికి వచ్చినది. పాత బాకీ తీర్చినవాని విషయమున ముప్పది దినములలోపల బ్యాంకు ఆ సంగతిని సంస్థలకు తెలుపవలెను. తెలుపకపోయినచో అడిగి వ్రాయించుకొనవలసినవాడు బాకీ తీర్చినవాడే.

ఈ అంకె నడవడికి కొలత కాదనుటకు వేరొక సాక్ష్యము గలదు. బిల్లు మొత్తమంతయు చెల్లించినను ఐదు దినములు ఆలస్యమైనవానికి మచ్చ పడవచ్చును. నెలనెల గడువులోపల కనీసపు మొత్తము మాత్రమే చెల్లించుచు ఏండ్ల తరబడి అప్పులో మునిగియున్నవానికి ఆలస్యపు మచ్చ పడదు. పరిమితిలో ఎక్కువ భాగము వాడుకొన్నందులకు అతని స్కోరు కొంత తగ్గవచ్చును గాని గడులు మాత్రము నిష్కళంకముగా నుండును. “కనీసము” అను మాటయే ఇందు మోసకారి. ఇంతతో చాలునను భావము దానిలో దాగియున్నది. కార్డు బాకీపై సాలునకు నూటికి 30కి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పెను. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో దానిని కొట్టివేసెను.

గణిత పుస్తకములలో బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు తరతరములుగా నున్నవి. వాని సరసన ఉపాధ్యాయులు ఈ లెక్కనొకదానిని చేర్చవచ్చును. ఒకనికి కార్డుపై 20,000 రూపాయల బాకీ గలదు. వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయలు. ఆ వడ్డీపై వస్తుసేవల పన్ను నూటికి 18. బ్యాంకు అడిగిన కనీసపు మొత్తము 1,000 రూపాయలు. అతడు దానిని గడువులోపలనే చెల్లించెను. అసలు ఎంత తీరెను? వడ్డీకి 700, పన్నుకు 126 పోగా తీరిన అసలు 174 రూపాయలు. ఆ నెల గడిలో పడునది సున్న.