గెంతుకు ఎన్ని మార్కులు, కళకు ఎన్ని?



మన గుంపులో క్రికెట్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈరోజు నేను ఆడవాళ్ల ఫిగర్ స్కేటింగ్ గురించి రాస్తాను. మంచే చూడని మనకెందుకు అంటారేమో. ఆడపిల్లను అరంగేట్రానికి తయారుచేసే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఈ గొడవ చప్పున అర్థమవుతుంది. గొడవ ఏమంటే, గాలిలో ఎన్ని చుట్లు తిరిగిందో చూసి గెలిపించాలా, సంగీతానికి తగినట్టు ఎంత బాగా ఆడిందో చూసి గెలిపించాలా?

2022 బీజింగ్ ఒలింపిక్స్ తీసుకోండి. రష్యా అమ్మాయి అలెగ్జాండ్రా ట్రుసోవా ఫ్రీ స్కేట్‌లో ఐదు క్వాడ్‌లు వేసింది. క్వాడ్ అంటే గాలిలో నాలుగు చుట్లు. ఒలింపిక్స్‌లో అంతకుముందు ఏ ఆడమనిషీ ఇన్ని వేయలేదు. ఆ రోజు ఫ్రీ స్కేట్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు, 177.13, ఆమెవే. అయినా మొత్తం కలిపితే బంగారం రెండు క్వాడ్‌లు వేసిన అన్నా షెర్బకోవాకు పోయింది. ఒక్క క్వాడ్ కూడా వేయని జపాన్ అమ్మాయి కవోరి సకమోటోకు కంచు వచ్చింది. ట్రుసోవా అందరి ముందూ ఏడ్చింది. అన్యాయం జరిగిందని కొందరు, ఆమెవి గెంతులే గాని నాట్యం కాదని కొందరు.

నన్నడిగితే తప్పు ఏ పిల్లదీ కాదు. తప్పు మార్కుల పద్ధతిలో ఉంది.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో తీర్పుల రచ్చ అయ్యాక పాత 6.0 మార్కుల పద్ధతి పోయింది. ఇప్పుడు ప్రతి జంప్‌కూ ఒక ధర ఉంది. బీజింగ్ నాటికి ట్రిపుల్ లట్జ్‌కు 5.90, క్వాడ్ లట్జ్‌కు 11.50. ఒక్క చుట్టు పెరిగితే దాదాపు రెండింతలు! కళ మార్కుకు మాత్రం పదికి పది అని పైన హద్దు ఉంది. ముప్పై ఏళ్లు రైల్వేలో లెక్కలు రాసినవాణ్ణి, నాకు బాగా తెలుసు: ధర ఎక్కడ ఎక్కువో సరుకు అక్కడికే పోతుంది.

2018లో పదిహేనేళ్ల అలీనా జగిటోవా ఏం చేసిందో చూడండి. రెండో సగంలో వేసే జంప్‌లకు పది శాతం ఎక్కువ ఇచ్చేవాళ్లు. ఫ్రీ స్కేట్‌లోని ఏడు జంప్‌లనూ ఆమె రెండో సగంలోనే పెట్టింది, బంగారం గెలిచింది. ఆమె రూల్ ప్రకారమే ఆడింది. కాని ఎక్కడ నిదానంగా పోవాలి, ఎక్కడ ఎగరాలి అన్నది సంగీతం చెప్పలేదు, మార్కుల కాగితం చెప్పింది. తర్వాత ఆ లాభాన్ని చివరి మూడు జంప్‌లకే పరిమితం చేశారు.

దీనివల్ల పెద్ద నష్టం పిల్లల ఒంటికి. సన్నగా, తేలిగ్గా ఉన్న ఒళ్లు తొందరగా తిరుగుతుంది. ఎదిగేకొద్దీ అదే చుట్టు కష్టమవుతుంది. కిందికి దిగేటప్పుడు బరువంతా ఒక్క కాలి మీదే. 2014 సోచిలో పదిహేనేళ్లకే మెరిసిన యూలియా లిప్నిట్‌స్కాయా పందొమ్మిదేళ్లకే ఆట మానేసింది. అందుకే సీనియర్ పోటీలకు కనీస వయసును మెల్లగా పదిహేడుకు పెంచడం మంచి పని. పెద్దయ్యాక కూడా గెలవచ్చు గదా! సకమోటో 2022, 2023, 2024లో వరసగా ప్రపంచ విజేత. పదహారేళ్లకు ఆట వదిలేసిన అమెరికా అమ్మాయి అలీసా లియు, తిరిగి వచ్చి పందొమ్మిదేళ్లకు 2025లో ప్రపంచ విజేత అయ్యింది. చిన్నప్పుడు క్వాడ్ వేసిన ఆమె ఈసారి క్వాడ్ లేకుండానే గెలిచింది.

జంప్‌లు తగ్గిస్తే ఆట చప్పబడిపోతుంది అనేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. 1988లో మిడోరి ఇటో, పోటీలో ట్రిపుల్ యాక్సెల్ వేసిన మొదటి ఆడమనిషి. అలాంటి ధైర్యానికి మార్కు ఇవ్వాల్సిందే. నేను జంప్ ధర తగ్గించమనడం లేదు.

నేననేది ఒక్కటే. ఇంతవరకు జంప్ ఎంత బాగుందో చెప్పే జడ్జీలే కళకూ మార్కు వేస్తున్నారు. క్వాడ్ చూసి నోరు తెరిచినవాడి చెయ్యి కళ గడిలో కూడా ఒక మార్కు ఎక్కువే వేస్తుంది. అది మనిషి గుణం. ఆ రెండు పనులకూ వేరువేరు జడ్జీలను పెట్టాలి. అప్పుడు ట్రుసోవా జంప్‌కు రావలసింది జంప్‌కు వస్తుంది, సకమోటో నడకకు రావలసింది నడకకు వస్తుంది.

మన ఉగాది డాన్స్ పోటీల మార్కుల కాగితం తయారుచేసేవాళ్లు కూడా ఈ సంగతి ఆలోచించాలి. మీరేమంటారో కింద రాయండి.