అమ్ముకునే పంట సరే, తినే పంట ఏది?



గుంటూరు యార్డులో మిరప ధర ఎంత పలికిందో మనందరికీ నోటికి వచ్చు. ఇంట్లో ఆడవాళ్ళకు రక్తం ఎంత ఉందో మాత్రం ఆసుపత్రికి పోయేదాకా తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 63 మందికి ఉంది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదల కడుపు నిండింది. కానీ ఒక్క బియ్యంతోనే నిండుతోంది. బియ్యం శక్తినిస్తుంది. కండ పెరగడానికి మాంసకృత్తులు, రక్తానికి ఇనుము, కంటికి ఎ విటమిన్ కావాలి. బియ్యంలో మాంసకృత్తులు తక్కువ, వాటిలోనూ లైసిన్ కొరత. ఆ లోటును పప్పు పూడుస్తుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటపట్టాలంటే నిమ్మకాయ పిండుకోవాలి. తిన్న వెంటనే టీ తాగితే అది సరిగా ఒంటపట్టదు. మిరప కోతలకు వచ్చే ఆడకూలీల క్యారేజీలు ఒకసారి చూడండి. చాలావాటిలో అన్నం, పచ్చడి తప్ప మరేమీ ఉండవు.

మన నల్లరేగడిలో ఒకప్పుడు జొన్న, కొర్ర, కంది, పెసర పండేవి. పత్తి, మిరప వచ్చాక అవి తగ్గి వంటిల్లు కొట్టు మీద ఆధారపడింది. డబ్బులుంటే పప్పు కొనుక్కోలేమా అని కొందరు అడుగుతారు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు డబ్బులెక్కడున్నాయి? 2025లో మిరప ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఇంట్లో ముందు తగ్గేవి పప్పు, పాలు, గుడ్డు.

లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. నలుగురున్న ఇంటికి ఏడాదికి 124 కిలోలు. అంత పప్పుకు సుమారు 175 కిలోల కందులు కావాలి. ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు పండినా అర ఎకరం సరిపోతుంది. లాం ఫారం ఇచ్చిన ఎల్.ఆర్.జి. 41, 52 కంది రకాలు మనకు తెలిసినవే. విడిగా వేయలేనివారు పత్తి సాళ్ళ మధ్య వేసుకోవచ్చు. గోంగూర, తోటకూర, మునగ మాత్రం పెరట్లోనే పెంచండి. మందు కొట్టే మిరప చేలోని ఆకుకూర తినడం మంచిది కాదు.

అయితే ముందే కౌలు కట్టిన రైతుకు అర ఎకరం కందికి వదలమని చెప్పడం తేలిక, వదలడం కష్టం. సెంటు భూమి లేని కూలీకి ఈ సలహా అసలే పనికిరాదు. అందుకే ప్రభుత్వాన్ని అడగాలి. 2025-26కి కందికి మద్దతు ధర 8,000 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. ఆ ధరకు మండలానికో కేంద్రం పెట్టి, కౌలు రైతు పేరునే కొనాలి. కొన్న కంది, జొన్నలను మన జిల్లాల రేషన్ షాపులకు, అంగన్‌వాడీలకు నెలనెలా ఇవ్వాలి. అప్పుడు పండించినవాడికి ధర, కూలీ ఇంటికి పప్పు రెండూ దొరుకుతాయి.

వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఎరువులు, అప్పులతో పాటు ఈ విషయం కూడా చర్చకు పెట్టండి. ఆ సమావేశాలకు ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకురండి.